కోరంగి కథ పంపిన అమ్మాయికి

అమ్మాయీ,

ఆశీస్సులు. గోదావరి తీరంలోని పాత రేవు కోరంగిలో ఓడలు కట్టే వడ్రంగుల మీద నువ్వు రాసిన పెద్దకథ చదివాను. వడ్రంగులు పలకల సందుల్లో నార కుక్కి తారు పూసే పేజీ బాగా వచ్చింది. ఆ తర్వాత దొర అర్ధరాత్రి కాగడాతో వచ్చి, సగం కట్టిన ఓడను తగలబెట్టేస్తాడు. అక్కడికి వచ్చేసరికి కాగితాలు పక్కన పడేశాను. ఆ పూటంతా ఒళ్ళు మండుతూనే ఉంది.

మన ఓడల పని దెబ్బతియ్యడానికి దొరకు కాగడాతో ఏం పని? లండన్‌లో వాళ్ళ పార్లమెంటు ఉంది. 1651లో మొదటి నావిగేషన్ చట్టం చేశారు. ఆసియా, ఆఫ్రికా, అమెరికా సరుకు ఇంగ్లండు రేవులో దిగాలంటే ఇంగ్లీషు ఓడలోనే రావాలన్నారు. అది డచ్చివాళ్ళ పొట్ట కొట్టడానికి చేసిన పని. మరుసటి ఏడే ఆ రెండు దేశాలకూ యుద్ధం వచ్చింది. 1660లో ఇంకాస్త బిగించారు. కెప్టెన్ ఇంగ్లీషువాడై ఉండాలి, నావికుల్లో ప్రతి నలుగురిలో ముగ్గురు ఇంగ్లీషువాళ్ళే కావాలి.

ఈ ఒక్క షరతు మీద నువ్వు కథంతా నడపొచ్చు. కలకత్తా నుంచి ఓడ లండన్‌కు బయల్దేరుతుంది. యుద్ధకాలం, తెల్ల నావికుల్ని నేవీ పట్టుకుపోయింది కాబట్టి షరతు సడలించారు. తెరచాపలెత్తేదీ చుక్కాని పట్టేదీ మన కళాసీలే, అంటే మన దేశపు ఓడ పనివాళ్ళే. నెలల తరబడి ప్రయాణం చేసి థేమ్స్‌లో లంగరేస్తారు. తిరుగు ప్రయాణానికి మాత్రం ఇంగ్లీషు నావికుల్ని పెట్టుకోవాలి. వచ్చేటప్పుడు కళాసీల జట్టును నడిపిన సరంగు, వెళ్ళేటప్పుడు అదే దారిలో ప్రయాణికుడిలా ఊరికే కూర్చుని వెళ్తాడు. ఓడ యజమానికి రెండు జట్ల తిండి ఖర్చు. ఓడ దొరికేదాకా ఆ కళాసీలు లండన్‌లోని షాడ్వెల్‌లో, ఈస్టిండియా కంపెనీ ఖర్చుతో నడిచే బసల్లో పడి ఉండేవాళ్ళు. వాళ్ళ దుస్థితి మీద 1814-15లో పార్లమెంటు కమిటీ విచారించింది కూడా. 1823 చట్టంలోనైతే విప్పి చెప్పేశారు: ఈ కళాసీలు రాజుగారి ఏలుబడిలో పుట్టినా సరే, బ్రిటిష్ నావికుల లెక్కలోకి రారు.

ఆ తలల లెక్క చూపించమ్మా. గుమాస్తా బల్ల ముందు వరసగా నిలబడ్డ మనుషులు, అతని వేలు పేరు పేరునా ఆగడం, సగానికి పైగా పేర్ల దగ్గర పెదవి విరవడం. నీ దొర పెట్టిన మంట కంటే అది చదివేవాడిని ఎక్కువ కాలుస్తుంది.

ఇంకో సంగతి. మన ఓడలు నాసిరకమేమీ కావు. 1795లో ఇంగ్లండులో తిండిగింజలకు కటకట వచ్చినప్పుడు బియ్యం మోసుకెళ్ళింది ఇక్కడ కట్టిన ఓడలే. థేమ్స్ ఒడ్డున ఓడలు కట్టేవాళ్ళు గగ్గోలు పెట్టారు. మరి వాళ్ళ నేవీ? బొంబాయిలో ఓడలు కట్టే పార్సీ కుటుంబం వాడియాల చేత టేకు యుద్ధనౌకలు కట్టించుకుంది. 1817లో అక్కడ నీళ్ళలోకి దింపిన ట్రింకోమలీ ఇప్పటికీ ఇంగ్లండులోని హార్ట్‌లీపూల్‌లో తేలుతోంది.

కోరంగి పడవలు ఎక్కువగా తిరిగింది బర్మా వైపు, మన తీరం వెంట. వాటిని నేరుగా లండన్ చట్టానికి కట్టెయ్యకు. 1839 తుఫాను ఆ రేవును ఊడ్చేసింది, అది నిజం. కాబట్టి మీ వడ్రంగి కొడుకును కలకత్తా పంపించు, లండన్ ఓడ ఎక్కించు.

అన్నీ చదివి, చట్టమంటేనే పాపం అని కూడా అనుకోకు. ఆ నావిగేషన్ చట్టమే అమెరికా వలసల్లో కట్టిన ఓడల్ని ఇంగ్లీషు ఓడల కింద లెక్కగట్టింది. దాంతో న్యూ ఇంగ్లండు ఓడల పని వృద్ధిలోకి వచ్చి, 1775 నాటికి బ్రిటిష్ వర్తక నౌకల్లో దాదాపు మూడోవంతు అమెరికాలో కట్టినవే అయ్యాయి. 1928లో మనవాళ్ళూ అలాంటి రక్షణే అడిగారు. మన తీరంలో సరుకు మన ఓడలే మొయ్యాలని సారాభాయి హాజీ కేంద్ర శాసనసభలో బిల్లు పెట్టారు. అప్పుడు బ్రిటిష్ ఓడల కంపెనీలు స్వేచ్ఛా వాణిజ్యం పాఠం చెప్పాయి! విశాఖలో మనవాళ్ళ ఓడల కంపెనీ సింధియా షిప్‌యార్డుకు 1941లో రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేశారు. 1948లో జల ఉష అనే ఓడ అక్కడినుంచే నీళ్ళలోకి దిగింది. చట్టం ఎవరి కూడు తీసి ఎవరికి పెట్టిందో చూడటం నేర్చుకో.

లెక్కలుంటే పాఠకుడు పారిపోతాడని నీకెవరో చెప్పే ఉంటారు. నాకూ చెప్పారు. కాకినాడ రేవులో బార్జి కూలీల మీద కథ రాసి ఒక పెద్ద పత్రికకు పంపితే, బస్తాకు ఎంత కూలి, మేస్త్రీ కోత ఎంత అనే పేరాలన్నీ సంపాదకుడు ఎర్ర సిరాతో కొట్టేసి, ఓ ప్రేమ ఘట్టం కలపమన్నాడు. కలపలేదు. కథ వెనక్కి తెచ్చుకున్నాను. ఏళ్ళ తరబడి ట్రంకుపెట్టెలో ఉండిపోయింది. చివరికి ఒక చిన్న పత్రిక వేసింది. ఆ కోత గురించి ఇంకా చెప్పాల్సింది చాలా ఉందంటూ ఒక ముసలి కూలీ మనవడిని వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చాడు. ప్రేమ ఘట్టం కోసం ఎవరొస్తారు?

ఇప్పటి ఫ్యాషన్ ఇంకా ఘోరం. చరిత్ర కథంటే ఒక వీరుడు, ఒక దుర్మార్గుడు, మధ్యలో మంట. పోటీల వాళ్ళు దానికే బహుమతులిస్తున్నారు. నువ్వు ఆ టెన్షన్ పెట్టుకోకు.

మళ్ళీ రాసేటప్పుడు భాష కూడా చూసుకో. కలకత్తా ఓడల్లో బెంగాల్ వైపు ముస్లింలు చాలామంది ఉండేవాళ్ళు. సరంగు చేత గోదావరి యాస పలికించకు. మీ కుర్రాడికి మొదట్లో వాళ్ళ మాట అర్థం కాకూడదు. ఆకలేసినప్పుడు, దెబ్బలు తిన్నప్పుడు ఒక్కో ముక్కా నేర్చుకోవాలి.

నీ శ్రేయోభిలాషి