కొండ మీద ఇంటర్న్‌షిప్ జీతం ఇంటికి పంపాలా, ఇక్కడే ఉంచుకోవాలా?

ప్రశ్న: మాది గుంటూరు. 2024 ఆగస్టులో ఎఫ్-1 వీసా మీద అమెరికా వచ్చాను. మసాచుసెట్స్‌లోని లోవెల్‌లో పర్యావరణ శాస్త్రంలో డిగ్రీ చదువుతున్నాను. ఈ వేసవిలో న్యూ హాంప్‌షైర్‌లోని మౌంట్ వాషింగ్టన్ శిఖరం మీద, సందర్శకుల కేంద్రంలో ఇంటర్న్‌షిప్ వచ్చింది. జూన్ 8 నుంచి ఆగస్టు 21 వరకు 11 వారాలు. వారానికి 40 గంటలు, గంటకు 15 డాలర్లు. కొండ కింద గోరమ్‌లో వసతి ఇస్తారు, దానికి జీతంలో వారానికి 75 డాలర్లు పట్టుకుంటారు. విద్యా రుణం 38 లక్షలు మంజూరైంది. 20 లక్షలు వాడాం. వడ్డీ 10.75%. నాన్నగారు నెలనెలా దాదాపు 18 వేలు వడ్డీ కడుతున్నారు. వచ్చిన డబ్బంతా పంపిస్తే ఆయనకు భారం తగ్గుతుందా? టాక్స్‌లు పోను చేతికెంత వస్తుంది?

జవాబు: పంపకండి. మీ జీతం గుంటూరు వెళ్లి రూపాయలై లోన్ ఖాతాలో పడుతుంది. ఆగస్టులో అదే లోన్‌లోంచి బ్యాంకు మళ్లీ డాలర్లు కొని మీ ఫీజు కడుతుంది. రెండుసార్లు మారకం, రెండుసార్లు నష్టం. ఇంటి నుంచి రావలసిన తర్వాతి విడతనే తగ్గించుకుంటే వడ్డీ అంతే మిగులుతుంది, మారకం ఖర్చు ఉండదు. ఎంత తగ్గించవచ్చో తేలాలంటే ముందు మీ చేతికి ఎంత వస్తుందో చూడాలి.

పైకి కనిపించేది 6,600 డాలర్లు. ఇందులో సోషల్ సెక్యూరిటీ (పింఛను కోసం, 6.2%), మెడికేర్ (వృద్ధుల వైద్యం కోసం, 1.45%) కోతలు మీకు పడకూడదు. ఎఫ్-1 విద్యార్థికి మొదటి 5 క్యాలెండర్ సంవత్సరాలు వీటి నుంచి మినహాయింపు ఉంది. ఆగస్టులో వచ్చినా 2024ను పూర్తి ఏడాదిగానే లెక్కేస్తారు కాబట్టి మీకు 2028 వరకు వర్తిస్తుంది. అయినా వేసవి ఉద్యోగాల్లో ఎక్కువగా జరిగే పొరపాటు ఇదే. పేరోల్ సాఫ్ట్‌వేర్‌లో కొత్త ఉద్యోగి పేరు ఎక్కించగానే ఈ రెండు కోతలూ వాటంతటవే ఆన్ అవుతాయి, ఎవరో ఒకరు తీసేయాలి. వారానికి 45 డాలర్ల 90 సెంట్లు, 11 వారాలకు దాదాపు 505 డాలర్లు. మొదటి పే స్టబ్ (జీతం చీటీ) రాగానే ఈ రెండు గళ్లూ చూడండి. అంకె కనిపిస్తే ఆ వారమే హెచ్‌ఆర్‌కు మెయిల్ పెట్టండి, తర్వాతి జీతంలో సరిచేస్తారు. సీజన్ ముగిసి ఆఫీసు ఖాళీ అయ్యాక అడిగితే తిప్పలే. వాళ్లు కాదంటేనే ఫారం 843, దానికి తోడు 8316 నింపి ఐఆర్‌ఎస్‌కు (అమెరికా పన్నుల శాఖకు) పంపాలి. నెలలు పడుతుంది.

ఫెడరల్ టాక్స్ సంగతి వేరు. భారత విద్యార్థులకు మాత్రం ఒక వెసులుబాటు ఉంది. భారత్–అమెరికా పన్ను ఒప్పందం 21(2) అధికరణం కింద స్టాండర్డ్ డిడక్షన్ (పన్ను లెక్కకు ముందే ఆదాయంలోంచి తీసేసే స్థిర మొత్తం) తీసుకోవచ్చు. మీ పక్క గదిలోని చైనా, నేపాల్ విద్యార్థులకు ఇది లేదు. 2026కు ఆ మొత్తం 16,100 డాలర్లు. క్యాంపస్ ఉద్యోగంలో ఈ ఏడాది 3,400 డాలర్లు వస్తాయనుకున్నా మీ మొత్తం ఆదాయం 10,000. ఫెడరల్ టాక్స్ సున్నా. కానీ కోత పడుతుంది. వారానికి 600 డాలర్లు చూసిన పేరోల్, మీరు ఏడాదంతా అంతే సంపాదిస్తారని లెక్కేసి వారానికి సుమారు 30 డాలర్లు పట్టుకుంటుంది. ఆ 330 డాలర్లు వచ్చే ఏడాది రిటర్న్ వేశాకే వెనక్కి వస్తాయి. కాబట్టి వేసవి లెక్కలో వాటిని కలపకండి.

కోత వద్దని డబ్ల్యూ-4లో (ఎంత కోయాలో పేరోల్‌కు చెప్పే ఫారంలో) ‘ఎగ్జెంప్ట్’ పెట్టమని ఎవరైనా చెబితే వినకండి. నాన్ రెసిడెంట్‌కు (ఫెడరల్ పన్ను లెక్కలో మీరు అదే) అది కుదరదు. ‘సింగిల్’ గడి టిక్ పెట్టి, స్టెప్ 4(సి) కింది ఖాళీలో ‘ఎన్‌ఆర్‌ఏ’ (నాన్ రెసిడెంట్ ఏలియన్) అని రాయండి. ఇలా రాసినవాళ్ల జీతానికి పేరోల్‌వాళ్లు లెక్క కోసం కొంత అదనంగా కలిపి ఎక్కువ టాక్స్ పట్టుకుంటారు. భారత విద్యార్థులకు ఆ కలపడం వర్తించదు. కోత వారానికి 30 కాకుండా 60 డాలర్లు దాటి కనిపిస్తే కారణం అక్కడే ఉంటుంది. ఈ నియమం ఐఆర్‌ఎస్ పబ్లికేషన్ 15-టిలో ఉంది, హెచ్‌ఆర్‌కు ఆ పేరు చెప్పండి. రిటర్న్ మాత్రం 1040-ఎన్‌ఆర్, దానికి జతగా 8843. రూమ్మేట్లు వాడే మామూలు టాక్స్ యాప్‌లు 1040 నింపేస్తాయి, అది మీ ఫారం కాదు.

న్యూ హాంప్‌షైర్‌లో జీతం మీద రాష్ట్ర పన్ను లేదన్నది నిజమే. అయితే మీ ఇల్లు మసాచుసెట్స్‌లో ఉంది. ఏడాది లీజుతో అపార్ట్‌మెంట్ పెట్టుకుని, ఏడాదిలో 183 రోజులకు మించి అక్కడ ఉంటే ఆ రాష్ట్రం మిమ్మల్ని రెసిడెంటుగా చూస్తుంది. కొండ మీద సంపాదించినదీ వాళ్ల రిటర్న్‌లో చూపాలి. 8,000 డాలర్ల లోపైతే పన్నే లేదు. ఆపైన 14,000 వరకు, ఒంటరి వ్యక్తికి, 8,000 దాటిన మొత్తంలో 10 శాతానికి మించి పన్ను వేయరు. మీ 10,000కు అది 200 డాలర్లు. న్యూ హాంప్‌షైర్ యజమాని మసాచుసెట్స్ టాక్స్ పట్టుకోడు కాబట్టి ఈ 200 మీరే పక్కన పెట్టుకోవాలి.

ఇప్పుడు ఖర్చులు. వసతి 825, తిండి వారానికి 70 చొప్పున 770, ఫోను, చిల్లర ఖర్చులు కలిపి 220. బస్సు ఛార్జీలు, చలి బట్టలు 350. ఈ చివరి ఖర్చును మీలాంటివారు తక్కువగా అంచనా వేస్తారు. గుంటూరులో రోహిణి కార్తె ఎండ ఎంత తెలుసో, 6,288 అడుగుల ఆ శిఖరం మీద జులై చలి అంత తెలియదు. జులైలో అక్కడి సగటు ఉష్ణోగ్రత 9–10 డిగ్రీల సెల్సియస్, ఇప్పటిదాకా నమోదైన గరిష్ఠమే 22. 1934 ఏప్రిల్‌లో గంటకు 231 మైళ్ల గాలి కొట్టిన చోటు అది. నీళ్లు చొరబడని జాకెట్, ఫ్లీస్, చీలమండ దాకా ఉండే బూట్లు తప్పవు. సేల్స్ టాక్స్ లేదని న్యూ హాంప్‌షైర్ దాకా ఆగక్కర్లేదు. 175 డాలర్ల లోపు మామూలు బట్టలు, బూట్ల మీద మసాచుసెట్స్ కూడా టాక్స్ వేయదు. హెడ్‌ల్యాంపు, బ్యాగు మాత్రం న్యూ హాంప్‌షైర్‌లోనే కొనండి.

కోర్సు ఫీజు చాలామంది మరచిపోతారు. మీ పని సీపీటీ (చదువులో భాగంగా బయట పని చేసేందుకు ఎఫ్-1 విద్యార్థికి ఇచ్చే అనుమతి) కిందే జరగాలి, సీపీటీ చదువులో భాగమై ఉండాలి. అందుకే చాలా కాలేజీలు వేసవిలో కనీసం ఒక క్రెడిట్‌కు నమోదు కమ్మంటాయి. ఒక్కో కాలేజీలో ఒక్కో రేటు, ఇక్కడ 400 డాలర్లని పెట్టుకుంటున్నాను. ఆఫర్‌కు ఊ అనేముందే అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసులో అడగండి. సున్నా క్రెడిట్ ఇంటర్న్‌షిప్ కోర్సు ఉంటే ఆ డబ్బు మిగిలినట్టే. యజమాని పేరు, తేదీలు ఉన్న కొత్త ఐ-20 (కాలేజీ ఇచ్చే విద్యార్థి హోదా పత్రం) చేతికి రాకుండా ఒక్క రోజు కూడా పనిలోకి దిగొద్దు, ‘శిక్షణే కదా’ అన్నా సరే. ఇల్లు మారిన 10 రోజుల్లోపు గోరమ్ చిరునామా అదే ఆఫీసుకు తెలపాలి. సెలవు రోజుల్లో కింద హోటల్లో టేబుళ్లు తుడిస్తే టిప్స్ వస్తాయని వసతిలో ఎవరో ఒకరు ఆశ పెడతారు. జే-1 అనే మరో రకం వీసా మీద వచ్చినవాళ్లకు స్పాన్సరు ఒప్పుకుంటే రెండో ఉద్యోగం కుదురుతుంది. మీ సీపీటీ ఒక్క యజమానికే. ఆ టిప్స్ కోసం వీసా పోగొట్టుకోవద్దు.

పై ఖర్చులన్నీ కలిపితే 2,565. టాక్స్ కోత పోను చేతికొచ్చే 6,270లోంచి ఇవి, మసాచుసెట్స్ 200 తీసేస్తే 3,505 మిగులుతుంది.

అసలు చిల్లు లోవెల్‌లో ఉంది. మీరు రాయలేదు గానీ, గదిలో మీ వాటా అద్దె వేసవిలోనూ కట్టాలి. నెలకు 650 అనుకుంటే మూడు నెలలకు 1,950. మిగులులో సగానికి పైగా అక్కడే పోతుంది. సబ్‌లీజుకు ఇవ్వండి, అంటే ఆ మూడు నెలలకు మీ వాటాను వేరొకరికి అద్దెకివ్వండి. ముందు లీజు చదవండి. ఇంటి యజమాని రాతపూర్వక అనుమతి లేకుండా మనిషిని దించితే డిపాజిట్‌కే ఎసరు. వేసవిలో కాలేజీ ఊళ్లలో గదులు ఖాళీగా ఉంటాయి కాబట్టి పూర్తి అద్దె రాదు. 500కు ఎవరైనా దిగితే ఒప్పుకోండి. వచ్చేవారితో ఒక పేజీ కాగితం రాసుకుని, మొదటి నెల అద్దె ముందే తీసుకోండి. అప్పుడు మీ నష్టం 450, మిగిలేది 3,055. ఎవరూ దొరక్కపోతే 1,555.

ఇది కాక, 11 వారాల్లో ఒక వారం జీతం రాదనే అనుకోండి. శిఖరానికి వెళ్లే 7.6 మైళ్ల ఆటో రోడ్డును గాలివానకు, పొగమంచుకు మూసేస్తుంటారు. పైకి వ్యాన్ వెళ్లకపోతే గంటల జీతంవాళ్లకు ఆ రోజు లేనట్టే. రోడ్డు మూసిన రోజు కింద వేరే పని ఇస్తారా, గంటలకు హామీ ఉందా అని ఆఫర్ లెటర్‌కు జవాబిచ్చేటప్పుడే అడగండి. హామీ లేదంటే మరో 570 (వారం జీతం 600లో టాక్స్ కోత 30 పోను) తీసేయాలి. దగ్గరదగ్గర 2,500 డాలర్లు. ఇదీ మీ వేసవి సంపాదన, 6,600 కాదు.

ఇందులో 500 అత్యవసరానికి ఉంచండి. మిగతా 2,000 ఫీజు గడువు దాకా సేవింగ్స్ ఖాతాలోనే ఉండాలి. నాన్ రెసిడెంట్‌కు బ్యాంకు డిపాజిట్ వడ్డీ మీద అమెరికాలో టాక్స్ లేదు. బ్యాంకు అడిగితే డబ్ల్యూ-9 (అమెరికా పన్ను నివాసుల ఫారం) కాకుండా డబ్ల్యూ-8బెన్ (విదేశీయుల ఫారం) ఇవ్వండి. షేర్ల జోలికి వెళ్లొద్దు. ఏడాదిలో 183 రోజులు ఇక్కడున్న నాన్ రెసిడెంట్‌కు లాభం మీద 30% టాక్స్ పడుతుంది, నష్టమొస్తే ఫీజు గడువు ఆగదు.

ఇక లోన్. జులై మొదటి వారంలో, ఫాల్ సెమిస్టర్ బిల్లు రాగానే, నాన్నగారి చేత బ్రాంచికి మెయిల్ పెట్టించండి: ‘ఈ విడతలో 2,000 డాలర్లు తగ్గించి పంపండి, ఆ మేరకు మంజూరు మొత్తం రద్దు చేయకుండా తర్వాతి సెమిస్టర్లకు ఉంచండి.’ రెండో సగం మరచిపోవద్దు. కొన్ని బ్రాంచీలు వాడని మొత్తాన్ని మూసేస్తాయి, చివరి ఏడాదిలో మళ్లీ అడిగితే కొత్త దరఖాస్తు అంటాయి. జవాబు రాతలో తీసుకోండి. మిగతా 2,000 డాలర్లు మీ ఖాతా నుంచి కాలేజీ పోర్టల్‌లో నేరుగా కట్టండి. కార్డుతో కడితే అదనపు ఛార్జీ పడవచ్చు, బ్యాంకు ఖాతా నుంచి కట్టండి.

డాలరు 88 రూపాయలని లెక్కకు పెట్టుకుంటే అది 1,76,000 రూపాయలు. 10.75% చొప్పున ఏడాదికి 18,920, నెలకు దాదాపు 1,575 రూపాయల వడ్డీ తగ్గుతుంది. అదే డబ్బు ఇంటికి పంపి, మళ్లీ తెప్పించుకుంటే వడ్డీ ఆదా ఇంతే. కాకపోతే ఒక్కో మారకంలో 2% పోయిందనుకున్నా ఏడు వేలు బ్యాంకులకే సమర్పించినట్టు. నాన్నగారు పాత పన్ను విధానంలో ఉంటే ఇంకో నష్టం కూడా ఉంది. విద్యా రుణ వడ్డీ మినహాయింపు (ఇన్నాళ్లూ 80ఈ అంటున్నది) ఆయన తన ఆదాయంలోంచి కట్టిన వడ్డీకే దొరుకుతుంది, మీరు కట్టినదానికి కాదు. కొత్త విధానంలో ఉంటే ఆ మినహాయింపు ఎలాగూ లేదు.

ఇంట్లో నిజంగా అవసరం వచ్చి పంపాల్సి వస్తే బ్యాంకు ఖాతా నుంచే పంపండి. 2026 జనవరి 1 నుంచి అమెరికాలో నగదు, మనీ ఆర్డరు, క్యాషియర్స్ చెక్కుతో విదేశాలకు పంపే డబ్బు మీద 1% పన్ను ఉంది. ఖాతా నుంచి పంపితే లేదు. ఈ జీతానికి ఇండియాలో టాక్స్ పడుతుందేమోనన్న భయం కూడా అక్కర్లేదు. ఆర్థిక సంవత్సరంలో అక్కడ 182 రోజుల లోపే ఉంటున్న మీరు పన్ను లెక్కలో నాన్ రెసిడెంటే. అమెరికా జీతం అక్కడి పన్ను పరిధిలోకి రాదు.