స్పీకర్లు మార్చే ముందు

అల్లుడా, ఆశీస్సులు.

పాటలు పీలగా వినిపిస్తున్నాయి, కొత్త స్పీకర్లు కొంటానని రాశావు. తొందరపడకు. స్పీకరు తనకు అందింది వినిపిస్తుంది గానీ, పాటలో లేనిది తేలేదు. ముందు నీ దగ్గరున్న ఫైళ్ళు చూడు.

సీడీలో పాట సెకనుకు 1,411 కిలోబిట్ల మీద నడుస్తుంది. దాన్ని సెకనుకు 128 కిలోబిట్ల ఎంపీ3 చేస్తే పదకొండో వంతే మిగులుతుంది. తీసేసింది ఇక తిరిగిరాదు. అలాంటి ఫైలునే కన్వర్టర్‌లో పెట్టి ఫ్లాక్ (పాటలో ఏదీ తీసేయకుండా కుదించే ఫైలు రకం) చేశావు కదా, ఫైలు లావైంది, పాట మాత్రం అట్లాగే ఉంది. 320 అని రాసి ఉన్నవన్నీ కూడా నమ్మకు. ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో తెరిచి స్పెక్ట్రోగ్రామ్ చూడు, అంటే ఏ స్థాయి శబ్దం ఎంతుందో చూపే బొమ్మ. 16 కిలోహెర్ట్జ్ దగ్గర గీత గీసినట్టు పైనంతా ఖాళీగా ఉంటే అది చాలావరకు 128 నుంచి ఉబ్బించినదే. చెవితోనూ పట్టొచ్చు. భజన పాటలో తాళాలు విను. మంచి ఫైల్లో ఒక్కో దెబ్బ విడిగా పడి, మోత మెల్లగా ఆరుతుంది. చెడ్డదాంట్లో అన్నీ కలిసిపోయి నీళ్ళలోంచి వస్తున్నట్టు జరజరమంటాయి.

ఇంట్లో పాత సీడీలుంటే వాటిని ఫ్లాక్‌లోకి ఎక్కించుకో. నాలుగు నిమిషాల పాట పాతిక ఎంబీ అటూఇటూ, ఇప్పటి హార్డ్‌డిస్కులకు అదో లెక్క కాదు. సీడీ నుంచి నేరుగా చేసిన 320 ఎంపీ3 కూడా బాగుంటుంది, ఫ్లాక్‌తో తేడా చాలామంది చెవికి చిక్కదు. 24 బిట్, 192 కిలోహెర్ట్జ్, సీడీని మించినవి అంటూ ఎక్కువ రేటుకు అమ్మే ఫైళ్ళ వెంట మాత్రం పడకు. యాప్‌లో వింటే క్వాలిటీని ఆటో నుంచి పైకి మార్చు.

బ్లూటూత్ పాటను మళ్ళీ కుదించి పంపుతుంది, కాబట్టి కూర్చుని వినేటప్పుడు వైరే పెట్టుకో. ల్యాప్‌టాప్ నుంచి గుయ్‌మని శబ్దం వస్తే చార్జర్ పీకి చూడు. ఆగిందంటే తప్పు స్పీకరుది కాదు. ఇంటి ఎర్తింగ్ ఒకసారి చూపించు.

ఇక గది. నన్నడిగితే నీ ఇంట్లో అసలు తిప్పలు అక్కడే. కింద తాండూరు బండలు, చుట్టూ నున్నటి గోడలు, పైన స్లాబు. నడుమ నిలబడి ఒక్క చప్పట్టు కొట్టు. వెనకాలే టింగుమని మోగితే ఎంత మంచి ఫైలైనా అందులో పాట మాటలు మసకబారుతాయి. స్పీకర్లకూ నీకూ మధ్య జంపఖానా పరువు. రెండు పక్క గోడలకూ దళసరి బొంతలు వేలాడదీయి. మీ అత్త కుట్టినవి రెండున్నాయి, వచ్చేవాళ్ళతో పంపిస్తాను. ఫోటోలో చూశాను, స్పీకర్లు సజ్జ మీద, మూలకు ఆనించి పెట్టావు. దించు. మూలన ఉంటే బాస్ ఉత్తగనే ఉబ్బుతుంది. గోడకు మూరెడు ఎడంగా, నీ చెవి ఎత్తుకు రావాలి. రెండింటి మధ్య ఎంత దూరమో, ఒక్కోదాని నుంచి నీ కుర్చీకి అంతే ఉండాలి. ఆ తర్వాత ఈక్వలైజర్‌లో బాస్ పెంచడం బంద్ చెయ్యి, అవసరం పడదు.

ఇవన్నీ చేసి కొన్నాళ్ళు విను. అప్పటికీ కొరత అనిపిస్తే కోఠి పోదాం. నీకు బాగా నోటికొచ్చిన పాటలు పెన్‌డ్రైవ్‌లో వేసుకుని రా. షాపువాళ్ళ డెమో పాటకు ఏ స్పీకరైనా బాగుంటుంది. నీ పాటే పెట్టమని, సౌండు తగ్గించినా మాట తెలుస్తుందో లేదో చూసి కొందాం.

నీ మేనమామ,
నల్లగొండ