ఓటీటీ చందా కట్టాలా, మానాలా?

ప్రశ్న: ఇంట్లో కేబుల్ ఉంది. పిల్లలు నెట్‌ఫ్లిక్స్ కావాలంటున్నారు, మా అత్తగారికి టీవీలో తెలుగు సినిమాలొస్తే చాలు. నెలకు 149 రూపాయలేనట, తీసుకోమంటారా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: తొందరపడకండి. 2021 డిసెంబరులో 199 నుంచి 149కి తగ్గించిన ఆ ప్లాన్ ఫోన్‌లోనో ట్యాబ్‌లోనో చూసుకోవడానికే, టీవీలో రాదు, కాబట్టి మీ అత్తగారికి దానితో ఒరిగేదేమీ లేదు. ముందు మీ మొబైల్ రీఛార్జ్, ఇంటి ఇంటర్నెట్ ప్యాక్ వివరాలు చూడండి, చాలా ప్యాకుల్లో ఏదో ఒక ఓటీటీ కలిపే ఇస్తున్నారు, అది తెలియక విడిగా మళ్లీ డబ్బు కట్టేస్తుంటారు, నాకు బాధనిపించేది అదే.

అచ్చంగా తెలుగే కావాలంటే ఆహా, ఈటీవీ విన్ ఉన్నాయి. కాకపోతే కొత్త సినిమా హక్కులు ఎవరు కొంటే వాళ్ల యాప్‌లోనే వస్తుంది, ఒక్క చందాతో అన్నీ దొరకవు, అన్నీ కడుతూ పోతే కేబుల్ బిల్లు ఎప్పుడో దాటిపోతుంది.

పిల్లల కోసమే అయితే సెలవుల్లో ఒక్క నెలకు కట్టండి. కట్టిన వెంటనే రద్దు చేసినా నెల పూర్తయ్యేదాకా నెట్‌ఫ్లిక్స్ ఆగదు, ఆటోపేలో డబ్బు పోతుందన్న టెన్షన్ ఉండదు. తర్వాత నెలలో ఎవరూ దాని ఊసెత్తకపోతే మళ్లీ కట్టకండి.