స్పీకర్లు మార్చినా బాస్ రావట్లేదా? ముందు డోర్ సంగతి చూడండి

మీ ప్రశ్న ఇదీ: కారులో కొత్త స్పీకర్లు వేయించారు, అయినా బాస్ (డప్పు దెబ్బలాంటి లోతైన శబ్దం) పలచగానే ఉంది, వాల్యూమ్ సగం దాటితే డోర్ గలగలమంటోంది. ఇప్పుడు యాంప్లిఫయర్ కొనాలా, రేకు మోతను ఆపే డ్యాంపింగ్ షీట్లు వేయించాలా? రెండేళ్ళ కిందట నాదీ ఇదే అవస్థ. నేనైతే ముందు షీట్లే అంటాను. అది కూడా ముందు వైపు రెండు డోర్లకే.

ఇంట్లో స్పీకర్ ఒక చెక్క పెట్టెలో ఉంటుంది. కారులో ఆ పెట్టె డోరే. పల్చటి రేకు, లోపలి వైపు చెయ్యి దూరేంత కంతలు, వాటి మీద ఒక పాలిథిన్ కవరు. ఏ స్పీకరైనా ముందుకు ఎంత శబ్దం చేస్తుందో వెనక్కీ అంతే చేస్తుంది. ఆ వెనక శబ్దం కంతల్లోంచి లోపలికి వచ్చి ముందు శబ్దంతో కలిస్తే రెండూ ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. గొంతు, వేణువు లాంటి వాటికి దీంతో పెద్ద నష్టం లేదు గానీ, బాస్ పోయేది మాత్రం ఇక్కడే. ఇది చాలదన్నట్టు రేకు కూడా పాటతో పాటు మోగుతుంటుంది. స్టీలు పళ్ళెం కింద పడి గింగిరాలు తిరుగుతుంటే అరచేత్తో నొక్కేస్తాం చూడండి, షీటు చేసే పని అదే. రేకుకీ పైనున్న అల్యూమినియం పొరకీ మధ్య జిగురులాంటి బ్యుటైల్ రబ్బరు ఉంటుంది. రేకు కదిలినప్పుడల్లా అది సాగి, ఆ కదలికను కొద్దిపాటి వేడిగా మార్చేస్తుంది.

మొదటిసారి నేను విజయవాడలో ఒక షాపులో చవగ్గా వస్తోందని ఏప్రిల్‌లో వేయించాను. అది బ్యుటైల్ కాదు, తారు షీటు. మే నెల ఎండలో కారు తలుపు తీస్తే అప్పుడే వేసిన రోడ్డు వాసన. ఒక షీటు జారి అద్దానికి అంటుకుంది, పవర్ విండో సగంలో ఆగిపోయింది. దాన్ని గీకి, తుడిచి శుభ్రం చేయడానికి ఒక ఆదివారం మొత్తం పోయింది. కాబట్టి షీటు కొనేముందు ఒక మూల కాగితం తీసి వాసన చూడండి. మంచి బ్యుటైల్‌కి పెద్దగా వాసన ఉండదు. వేలితో నొక్కి లాగితే బబుల్‌గమ్‌లా సాగుతుంది.

రెండోసారి రెండు మిల్లీమీటర్ల బ్యుటైల్ షీట్లు తెచ్చి నేనే వేసుకున్నాను. రెండు డోర్లకు షీట్ల ఖర్చు నాలుగు వేలలోపే. డోర్ ప్యాడ్ (లోపలి వైపు ప్లాస్టిక్ కవరు) ఊడదీసేటప్పుడు నాలుగైదు క్లిప్పులు విరుగుతాయి, ముందే ఓ పది తెచ్చిపెట్టుకోండి. రేకు మీద దుమ్ము, నూనె జిడ్డు లేకుండా స్పిరిట్‌తో తుడవాలి. కంతల్లోంచి చెయ్యి పెట్టి బయటి రేకు లోపలి ముఖానికి అతికించాలి. రేకంతా కప్పక్కర్లేదు. పెద్ద పెద్ద చదును భాగాల మధ్యలో, మొత్తం మీద పావు వంతు నుంచి మూడో వంతు దాకా వేస్తే మోత చాలావరకు ఆగిపోతుంది. స్పీకర్ వెనక భాగంలో మాత్రం నేను కాస్త ఎక్కువే వేశాను. రోలర్‌తో షీటు మీది గళ్ళు చదునయ్యేదాకా నొక్కాలి, గాలి బుడగ మిగిలితే అక్కడ వేసినట్టు కాదు. అల్యూమినియం అంచు బ్లేడులా కోస్తుంది. నా బొటనవేలి మీద మచ్చ ఇంకా ఉంది. గ్లవ్స్ వేసుకోండి.

బాస్‌లో అసలు తేడా వచ్చింది మాత్రం లోపలి రేకు కంతలు మూశాకే. పెద్ద కంతల మీద ఒట్టి షీటు వేస్తే డోలు చర్మంలా ఊగుతుంది. అందుకని పల్చటి అల్యూమినియం రేకు ముక్క కత్తిరించి స్క్రూలతో బిగించి, దాని మీద షీటు వేశాను. రేపు అద్దం మోటారు చెడిపోతే విప్పుకోవడమూ తేలిక. లాక్ కడ్డీలు, వైర్లు షీటుకు అంటుకోకుండా చూసుకోండి. డోర్ అడుగున ఉండే నీటి రంధ్రాలను మాత్రం ముట్టుకోవద్దు. అద్దం పక్క రబ్బరు నుంచి వాన నీళ్ళు ఎలాగూ లోపలికి దిగుతాయి, దారి మూస్తే డోర్ తుప్పు పడుతుంది. ఇంకోటి, కొన్ని కార్లలో సైడ్ ఎయిర్‌బ్యాగ్‌కి సంబంధించిన ప్రెషర్ సెన్సర్ డోర్ లోపలే ఉంటుంది. మీ కారులో అలా ఉంటే సర్వీస్ సెంటర్‌ని అడగకుండా కంతలు మూయకండి.

ఇంత చేశాక కూడా నా డోర్ గలగలమంది! చూస్తే ఆ చప్పుడు రేకుది కాదు, ప్లాస్టిక్ ప్యాడ్‌ది. లాక్ కడ్డీలకు, వైర్లకు ఫెల్ట్ టేపు చుట్టి, స్పీకర్ చుట్టూ ప్యాడ్‌కి ఆనేలా ఫోమ్ రింగు పెట్టాను. రెండు మూడు వందల ఖర్చు. మీకు డబ్బులకు వెనకాముందూ అయితే దీంతోనే మొదలుపెట్టండి.

ఇప్పుడు డోర్ వేస్తే ‘టంగ్’ బదులు ‘దబ్’ అంటుంది. మా బావగారు ఎక్కి, "ఏంటి బావా, కారు మార్చావా?" అన్నారు. డప్పు దెబ్బ డప్పు దెబ్బలా వినిపిస్తోంది, పాత వాల్యూమ్ దాకా పెంచే పని లేదు. యాంప్లిఫయర్ ఆలోచన అప్పుడే మానుకున్నాను.

రోడ్డు రొద పోతుందని మాత్రం ఆశపడకండి. హైదరాబాద్ హైవే మీద టైర్ల చప్పుడు నాకు పెద్దగా తగ్గలేదు. అది ఎక్కువగా ఫ్లోర్ నుంచి, చక్రాల పైభాగం నుంచి వస్తుంది. దాన్ని ఆపాలంటే సీట్లు, కార్పెట్ తీసి బరువైన వినైల్, ఫోమ్ పరవాలి. ఆ పని వేరు, ఖర్చూ వేరు. టైర్లు అరిగి ఉంటే ముందు వాటిని మార్చడమే నయం.

డిక్కీలో సబ్‌వూఫర్ (బాస్ కోసమే ఉండే పెద్ద స్పీకర్) పెట్టే ఉద్దేశం ఉంటే చెప్పండి, ఆ తలుపు సంగతి కూడా రాస్తాను. ఈలోపు నంబర్ ప్లేటు వెనక ఓ చిన్న ఫోమ్ ముక్క అతికించండి. డిక్కీ మోతలో కొంత అక్కడిదే.