ముందు ఇల్లు వెతుకు, మనిషి తర్వాత

అమ్మలూ,

మీ అత్తింటివాళ్ల వంశవృక్షం తయారుచేద్దామని కూర్చున్నావట, మీ అమ్మ ఫోన్లో చెప్పింది. వాళ్లది వేల్స్ పడమటి తీరంలోని లాంగ్రానోగ్ అన్నాక నాలుగు మాటలు చెప్పకుండా ఉండలేను. ఆ తీరంలో సమాధి రాళ్లు చదవడంతోనే నా రిటైర్మెంటు గడుస్తోంది మరి.

కంప్యూటర్ తెరిచి 'జాన్ జోన్స్' అని మాత్రం కొట్టకు. కుప్పలుతెప్పలుగా వస్తారు, అందరూ మీ వాళ్లలాగే ఉంటారు. పైగా పాతకాలంలో అక్కడ ఇంటిపేరు నిలకడగా ఉండేది కాదు. డేవిడ్ కొడుకు ఇవాన్ డేవిడ్, అతని కొడుకు థామస్ ఇవాన్. ఆ ఊరున్న కార్డిగన్‌షైర్ జిల్లా పల్లెల్లో ఈ పద్ధతి 19వ శతాబ్దం మొదట్లో కూడా ఉంది. అన్నదమ్ముల పిల్లలకు వేరువేరు పేర్లు కనిపిస్తే కంగారుపడకు.

ఊళ్లో మనిషిని గుర్తుపట్టేది అతని పొలం పేరుతో, ఇంటి పేరుతో. మనకు ఊరి పేర్లు ఇంటిపేర్లయినట్టే అనుకో, కాకపోతే వాళ్ల కాగితాల్లో అది పక్క గడిలో ఉంటుంది. అందుకే ముందు మీ అత్తగారిని ఇంటి పేరు అడుగు. కుటుంబ బైబిలు మొదటి పేజీ, పాత ఫొటోల వెనకవైపు, అంత్యక్రియల కార్డులు, ఏవీ వదలకు. పెద్దావిడ ఓపికగా ఉన్నప్పుడే ఆ మాటలు ఫోన్లో రికార్డు చేసుకో.

ఇల్లు తెలిస్తే పని సులువు. 1836 చట్టం తర్వాత, చర్చికి కట్టే పంట పన్ను లెక్కకోసం వేసిన టైత్ మ్యాపుల్లో ప్రతి పొలానికీ ఒక నంబరు, పట్టికలో యజమాని, సాగుచేసేవాడు, చాలాచోట్ల పొలం పేరు కూడా ఉంటాయి. అబెరిస్ట్‌విత్ ఊళ్లోని వేల్స్ నేషనల్ లైబ్రరీ వాటిని ఆన్‌లైన్లో ఉచితంగా పెట్టింది. 1858కి ముందటి వీలునామాలు కూడా అక్కడే. ఆ ఇంటిని 1841, 1851 జనాభా లెక్కల్లో చూడు. 1841లో పెద్దవాళ్ల వయసుల్ని కింది అయిదుకు దించి రాసేవారు (38 అయితే 35), పుట్టిన పారిష్, అంటే ఏ చర్చి పరిధిలో పుట్టారో, ఉండదు. నమ్ముకుంటే 1851నే నమ్ముకో.

మీ వాళ్లు చాపెల్ మనుషులైతే, అంటే ప్రభుత్వ చర్చిలో కాక వేరే ప్రొటెస్టెంటు శాఖల్లో ఉన్నవాళ్లైతే, చర్చి రిజిస్టర్లో బాప్తిస్మం దొరక్కపోవచ్చు. బాప్టిస్టులైతే పసిపిల్లలకు అసలు ఇవ్వనే ఇవ్వరు. కానీ పెళ్లి మాత్రం చర్చి రిజిస్టర్లోనే వెతుకు. 1754 నుంచి 1837 దాకా క్వేకర్లు, యూదులు తప్ప అందరూ చర్చిలోనే చేసుకోవాలని చట్టం. ఈ సంగతి తెలియక చాలామంది మధ్యలో ఆగిపోతారు.

ఇక సముద్రం. జనాభా లెక్కల రాత్రి ఇంట్లో మగవాడు లేకపోతే పోయాడనుకోకు. భార్య పక్కన 'నావికుడి భార్య' అని ఉందేమో చూడు. అబెరిస్ట్‌విత్‌లో రిజిస్టరైన ఓడల సిబ్బంది పట్టీలు లైబ్రరీలోనే ఉన్నాయి: పేరు, వయసు, పుట్టిన ఊరు, అంతకుముందు పనిచేసిన ఓడ. మిగతా రేవులవి చాలావరకు కెనడాలో, న్యూఫౌండ్‌లాండ్ యూనివర్సిటీలో ఉన్నాయి. అన్నట్టు, మీ అత్తింటివాళ్ల లాంగ్రానోగ్‌లోనే సారా జేన్ రీస్ (1839–1916) అనే కవయిత్రి నావికులకు ఓడ నడిపే విద్య చెప్పేది. 'క్రానోగ్వెన్' ఆమె కలంపేరు. 2023లో ఊళ్లో విగ్రహం పెట్టారు, వెళ్లినప్పుడు చూడు.

సమాధుల దగ్గర సుద్ద పూయకు, ఇనుప బ్రష్షు అసలు తాకించకు. పొద్దువాలే వేళ వెలుగు ఏటవాలుగా పడ్డప్పుడు పలకరాయి మీద అక్షరాలు వాటంతటవే లేచి కనిపిస్తాయి, అప్పుడు ఫొటో తీసుకో. రాత చాలావరకు వెల్ష్‌లో ఉంటుంది. 'ఎర్ కోవ్ అమ్' అంటే జ్ఞాపకార్థం, 'ప్రియోద్' అంటే భార్య లేక భర్త, 'మాబ్' కొడుకు, 'మెర్ఖ్' కూతురు. చివరి వరుస దాకా చదువు, సముద్రంలో పోయిన కొడుకు పేరు చాలాసార్లు అక్కడే ఉంటుంది. గడ్డి మోకాళ్లదాకా పెరుగుతుంది, బూట్లు తెచ్చుకో.

ఇంకొకరు ఆన్‌లైన్లో గీసిన వృక్షాన్ని చూసి ఎక్కించెయ్యకు. ప్రతి పేరుకీ ఏ కాగితంలో దొరికిందో పక్కనే రాసుకో.

లైబ్రరీకి వెళ్లేముందు రీడర్ టికెట్ సంగతి చూసుకో, చదివే గదిలోకి పెన్సిలే తీసుకెళ్లు. అత్తగారి దగ్గర దొరికినవన్నీ ఫొటో తీసి నాకు పంపు, వెల్ష్‌లో ఉన్నవి నేను చదివిపెడతాను. అల్లుడిని అడిగానని చెప్పు.

మీ పెద్దమ్మ