స్పైక్ ప్రొటీన్‌కు చక్కెర గొలుసులు ఎవరు తగిలిస్తారు?

"కరోనా వైరస్ ఒంటి మీద ముళ్ళలా ఉండే స్పైక్ ప్రొటీన్ మీద చక్కెర గొలుసులు ఉంటాయట, వాటిని వైరస్ సొంతంగా చేసుకుంటుందా?" అని అడిగారు. లేదండీ, ఆ పని చేసేది మన కణమే. పుస్తకంలో చదివినప్పుడు నాకూ ఇది తలకెక్కలేదు. 2021లో తార్నాక దగ్గర ఒక ప్రయోగశాలలో పనిచేస్తూ కళ్ళారా చూశాకే అర్థమైంది.

మేము అసలు వైరస్‌ను ముట్టుకోలేదు. స్పైక్‌లో మన కణాన్ని పట్టుకునే ముక్క ఉంటుంది కదా, దాని జన్యువు ఒక్కదాన్నే మానవ కణాల్లో పెట్టి ప్రొటీన్ తీశాం. సుమారు 220 అమైనో ఆమ్లాలు. ప్రొటీన్లను బరువును బట్టి విడదీసే జెల్ మీద, లెక్క ప్రకారం 25 కిలోడాల్టన్ల (ప్రొటీన్ బరువుకు కొలమానం) దగ్గర దాని గీత, అంటే బ్యాండ్, రావాలి. 30 దాటి వచ్చింది, అదీ తడి కాగితం మీద సిరా అలుముకున్నట్టు. జన్యువులో తప్పు దొర్లిందేమోనని వారం రోజులు సీక్వెన్స్ తిరగేశాను. ఒక్క అక్షరం తేడా లేదు. మా మేడమ్ చూసి, "చక్కెర తీసేసి చూడమ్మా" అన్నారు. నమూనాను వేడిచేసి, చక్కెర గొలుసులను తెంచే పీఎన్‌గేజ్ ఎఫ్ అనే ఎంజైమ్ కలిపి, 37 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచాను. ఈసారి బ్యాండ్ కిందికి దిగింది, సన్నగా, స్పష్టంగా. ఆ ముక్కలో ఇలాంటి గొలుసులు తగిలేది, పూర్తి స్పైక్ మొదటి నుంచి లెక్కపెడితే 331, 343 స్థానాల్లో ఉన్న ఆస్పరజిన్ అనే అమైనో ఆమ్లాలకే. రెండు గొలుసులకే అంత తేడా! పూర్తి స్పైక్ మూడు ఒకేరకం ప్రొటీన్ల కట్ట; ఒక్కోదానికి 22 చోట్లు, మొత్తం 66.

చక్కెర అతికించే ఎంజైమ్ వైరస్‌కు ఒక్కటీ లేదు. ప్రొటీన్‌లో ఆస్పరజిన్, ప్రోలిన్ కాని మరొక అమైనో ఆమ్లం, ఆ వెంటనే సెరిన్ గానీ త్రియోనిన్ గానీ వస్తే, మన కణంలో ప్రొటీన్లు తయారయ్యే భాగమైన ఎండోప్లాస్మిక్ రెటిక్యులం తన సొంత ప్రొటీన్లకు చేసినట్టే దానికీ గొలుసు తగిలిస్తుంది. ఆ తర్వాత కణంలోని మరో భాగమైన గాల్జీ ఆ గొలుసును చెక్కుతుంది. మన చక్కెరే కప్పుకున్న ఆ చోట్లను యాంటీబాడీలు అంత సులువుగా అందుకోలేవు. 165, 234 స్థానాల గొలుసులైతే, కణాన్ని పట్టుకునే ముక్క పైకి లేచి నిలవడానికి ఊతమిస్తాయి.



మన హైదరాబాదులో బయొలాజికల్ ఇ సంస్థ చేసిన కోర్బెవాక్స్ అనే కరోనా టీకాలోనూ ఉన్నది స్పైక్‌లోని ఆ ముక్కే, కాకపోతే ఈస్ట్‌లో తయారైనది. ఈస్ట్ చక్కెరను మోతాదు మించి అతికిస్తుంది. అందుకే 331వ ఆస్పరజిన్‌ను వదిలేసి, ఆ ముక్కను 332 నుంచి మొదలుపెట్టారు.