పాత పైన్ ఫర్నిచర్‌కి వైట్‌వాష్: ముడుల దగ్గర పసుపు మచ్చలు రాకుండా ఏం చేయాలి?

పైన్ సొరుగుల బల్లకి తెల్ల వాష్ (చెక్క చారలు కనిపించేలా పలచగా వేసే తెల్ల రంగు) వేశాక ముడుల దగ్గర పసుపు మచ్చలు తేలాయని, ఇంకో కోటు వేస్తే పోతాయా అని అడిగారు. పోవండి. ముడుల్లో ఉండే బంక నీటి రంగులోంచి పైకి ఊరుతూనే ఉంటుంది, ఎన్ని కోట్లు వేసినా అంతే. దాన్ని ఆపేది లక్క. అందుకని మళ్ళీ చెక్క దాకా వెళ్ళాల్సిందే.

పాత పాలిష్ ఉంటే ముందు అదేమిటో చూడండి. దూదితో కాస్త స్పిరిట్ అద్దితే జిగురుగా మారిందా, అది లక్క పాలిష్, స్పిరిట్‌తోనే తుడిచేయొచ్చు. థిన్నర్‌కి కరిగితే ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) లాకర్, అంటే స్ప్రేతో కొట్టే మెరుపు పూత. దేనికీ కదలకపోతే రిమూవరో, 80 నంబరు ఉప్పు కాగితమో వాడాలి. వార్నిష్ కాకుండా పాత రంగు ఉంటే పొడిగా రుద్దొద్దు. ఇళ్ల రంగుల్లో సీసం 90 పీపీఎం మించకూడదన్న నిబంధన మన దేశంలో అమల్లోకి వచ్చింది 2017 నవంబరులోనే, అంతకుముందు రంగైతే ఆ దుమ్ములో సీసం ఉండొచ్చు.

తర్వాత 120, ఆపైన 180తో ఆపేయండి. మరీ నున్నగా చేస్తే రంగు పట్టదు. కాగితాన్ని చెక్కముక్కకి చుట్టి, చారల వెంటే రుద్దాలి. వేళ్ళతో రుద్దితే మెత్తటి భాగం గుంటలు పడుతుంది. అడ్డంగా పడ్డ గీతలు ఇప్పుడు కనిపించవు గానీ, తెలుపు వాటిలో చేరగానే పిల్లి గీరినట్టు బయటపడతాయి. చివరగా తడిగుడ్డతో తుడిచి, ఆరాక లేచిన నూగుని 220తో తేలిగ్గా తీసేయండి.

మైనం తీసిన లక్క పెచ్చులు 25 గ్రాములు, స్పిరిట్ 100 మిల్లీలీటర్లు కలిపి రాత్రంతా నాననివ్వండి. చిన్న బ్రష్‌తో ముడుల మీద మాత్రమే రెండు కోట్లు, మధ్యలో గంట విరామం. అంచుల్ని 220తో కలిపేయాలి, లేకపోతే ముడి చుట్టూ వలయం కనిపిస్తుంది.

వాష్‌కి తెల్ల మ్యాట్ ఎమల్షన్ 200 మిల్లీలీటర్లు, నీళ్ళు అంతే. చారలు ఇంకా బాగా కనపడాలంటే నీళ్ళు రెట్టింపు. చెక్క ఎర్రగా ఉంటే తెలుపు కింద గులాబీ ఛాయ వస్తుంది. ఆకుపచ్చ స్టెయినర్ (రంగులో కలిపే చిక్కటి ఛాయ) ఒక్క చుక్క వేస్తే విరుగుతుంది. గోడ సున్నం మాత్రం వద్దు, రాలిపోతుంది.

ఒక్కో పలక పూర్తిగా, ఈ చివర నుంచి ఆ చివరకి వేసి, ఒకటి రెండు నిమిషాల్లో పాత నూలు గుడ్డతో చారల వెంట తుడవండి. కోసిన చివర్లు ఎక్కువ పీల్చుకుంటాయి, ముందుగా నీళ్ళతో తడపాలి. మన ఎండాకాలంలో తుడిచేలోపే ఆరి అతుకు గీతలు పడతాయి కాబట్టి పొద్దున్నే, ఫ్యాన్ ఆపి చేయండి. ఆరిపోయిన చోట తడిగుడ్డ అందుకోండి; అప్పటికీ కదలకపోతే ఆ పలక మళ్ళీ రుద్దడమే. రెండో కోటు వేసేముందు పగటి వెలుగులో చూడండి, చాలాసార్లు ఒకటే చాలు.

రాత్రంతా ఆరాక నీటి ఆధారిత మ్యాట్ పీయూ (పాలీయురెథేన్ అనే రక్షణ పూత) రెండు కోట్లు, వాడకం ఎక్కువుండే పైపలకకి మూడు. ఆయిల్ పీయూ, ఆయిల్ వార్నిష్ పసుపెక్కుతాయి, చేసిన పనంతా వృథా. కోట్ల మధ్య 320 కాగితం చాలు. స్టీల్ ఉన్ని వాడితే ఇరుక్కున్న పోగులు తుప్పు చుక్కలవుతాయి. సొరుగు జారే పక్కలకి మాత్రం రంగూ పీయూ వేయకండి, బిగుసుకుపోతాయి. కొవ్వొత్తి రుద్దితే సరి.